ఫ్రెంచ్‌లో 99.. మాట్లాడమంటే మౌనం!

విదేశీ భాషను ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టేవారు ఎందరో. ఇంటర్ దాటించేవారే తక్కువ. లోపం పిల్లల్లో లేదు, ప్రణాళికలో ఉంది.

బడులు తెరిచే ముందు హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో చాలా ఇళ్లలో ఒక కాగితం చుట్టూ చర్చ నడుస్తుంది. ద్వితీయ భాష, తృతీయ భాష అని అందులో రెండు గళ్లుంటాయి. తల్లిదండ్రుల వాట్సప్ గ్రూపులో ‘ఫ్రెంచ్ స్కోరింగ్ అంట కదండీ’ అని ఒకరు మొదలుపెడతారు. ‘మా బావగారబ్బాయి జర్మనీలోనే ఉన్నాడు, కళ్లు మూసుకుని జర్మన్ పెట్టించండి’ అని మరొకరు. ‘కొరియన్ లేదా? మా పాప ఆ సీరియళ్లే చూస్తుంది’ అని ఇంకొకరు. రాత్రి పదింటికి ఎవరో ‘సంస్కృతమైతే ట్యూషన్ ఖర్చు ఉండదు’ అంటారు. మర్నాడు పొద్దున ఏదో ఒక గడిలో టిక్కు పడుతుంది.

ఈ చర్చంతా ఏ భాష అన్నదాని మీదే. కానీ అది రెండో ప్రశ్న. ఇంకా ముందు వేసుకోవాల్సింది ఒకటుంది: పదో తరగతి అయిపోయి ఎంపీసీలోనో బైపీసీలోనో చేరాక, ఆ రెండేళ్లు ఈ భాష ఎక్కడ ఉంటుంది? దానికి జవాబు లేకుండా పెట్టిన ఫ్రెంచ్ అయినా జపనీస్ అయినా చివరికి పలకరింపుల దగ్గరే ఆగిపోతుంది.

మార్కుల భాష

మన దగ్గర ఫ్రెంచ్‌కు ఒక విచిత్రమైన ప్రతిష్ఠ ఉంది. అది నాటకకర్త మోలియేర్ భాష కావడం వల్ల వచ్చింది కాదు, ఇంటర్ మార్కుల జాబితా వల్ల వచ్చింది. సంస్కృతం పక్కన అంత ధీమాగా మార్కులు తెచ్చిపెట్టే భాషగా రెండు రాష్ట్రాల్లోనూ దానికి పేరు. ఫలానా పాఠం నుంచి ఫలానా ప్రశ్న, ఫలానా క్రియకు ఫలానా రూపం. గైడ్లు ఉన్నాయి, పాత పేపర్లు ఉన్నాయి. పరీక్షకు ముందు నెల రోజులు కూర్చుంటే తొంభైలు దాటుతాయి. అలా మార్కులు తెచ్చుకున్న పిల్లని తప్పుపట్టడానికి లేదు. రాయమన్నారు, రాసింది. మాట్లాడమని ఎవరూ అడగలేదు.

దీని పక్కన ఫ్రాన్స్ ప్రభుత్వం ఇచ్చే డెల్ఫ్ సర్టిఫికెట్ పరీక్షను పెట్టి చూడండి. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం.. నాలుగింటికీ తలా 25 మార్కులు. మొత్తం మీద 50 రావాలి, ఏ విభాగంలోనూ 5కు తగ్గకూడదు. అంటే మూడింట్లో మెరిసినా నోరు పెగలకపోతే ఫెయిలే. దాని రెండో మెట్టు ఏ2లో మౌఖికం ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు. ముందు తన గురించి చెప్పుకోవాలి. తర్వాత ఇచ్చిన అంశం మీద కాసేపు ఒంటరిగా మాట్లాడాలి. ఆ తర్వాత పరీక్షకుడితో చిన్న నాటకం: అతను దుకాణదారుడు, మీవాడు కొనుగోలుదారు. కావలసిన రంగు చొక్కా లేదంటాడు. ఇప్పుడేం చేస్తావ్? బట్టీ పట్టిన పాఠంలో ఈ జవాబు ఉండదు.

రెండూ ఫ్రెంచ్ పరీక్షలే. ఒకదానికి చదివితే రెండోది వస్తుందనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. మార్కుల కోసమే అయితే ఇంటర్‌లో ఫ్రెంచ్ తీసుకోవడం తెలివైన ఎంపికే, అందులో సిగ్గుపడాల్సిందీ లేదు. కాకపోతే దాన్ని విదేశీ భాష నేర్చుకోవడం అని పిలవకుండా ఉంటే చాలు.

పీరియడ్ల లెక్క

ప్రణాళిక అంటే ముందు గంటలు లెక్కపెట్టుకోవడం. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పడానికి ఒక అంచనా పెట్టుకుంది. ఇంగ్లిష్ మాతృభాష అయినవారు స్పానిష్‌లోనో ఫ్రెంచ్‌లోనో ఉద్యోగం చేసే స్థాయికి రావాలంటే సుమారు 600 నుంచి 750 తరగతి గంటలు పడుతుందట. జర్మన్‌కు ఇంకాస్త ఎక్కువ. జపనీస్, కొరియన్, చైనీస్, అరబిక్‌లకు 2,200 గంటలు. అన్నట్టు, ఆ పట్టికలో తెలుగు కూడా ఉంది: సుమారు 1,100 గంటలు. మనది సులువైన భాషేమీ కాదని వాళ్లూ ఒప్పుకున్నట్టే.

ఇప్పుడు మన బడికి వద్దాం. వారానికి ఐదు పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు అనుకుందాం. ఏడాదికి 36 వారాలు నడిస్తే 120 గంటలు. ఎనిమిది, తొమ్మిది, పది కలిపి 360. ఇది కాగితం మీది లెక్క. యూనిట్ టెస్టులు, వార్షికోత్సవం రిహార్సల్స్, పదో తరగతిలో డిసెంబరు నుంచి రివిజన్ పేరుతో లెక్కల సారు తీసేసుకున్న పీరియడ్లు పోతే మిగిలేది ఎంతో ఏ ఇంటికా ఇంటికి తెలుసు. ఐరోపా దేశాలు భాషా ప్రావీణ్యాన్ని ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుగా లెక్కిస్తాయి. అందులో మూడోదైన బీ1 చేరడానికే సాధారణంగా 350 నుంచి 400 గంటలు చెబుతారు. కాబట్టి బడి చదువు ఒక్కదానితోనే పదో తరగతి చివరికి గట్టి ఏ2 వస్తే అది మంచి ఫలితం. ‘పది అయ్యేసరికి ధారాళంగా మాట్లాడిస్తాం’ అని బ్రోచర్‌లో ఎవరైనా రాస్తే ఈ లెక్క అడగండి.

ఇంకో చిన్న లెక్క. క్లాసులో 40 మంది ఉన్నారు, పీరియడ్ 40 నిమిషాలు. టీచర్ నోరు విప్పకుండా మొత్తం సమయం పిల్లలకే ఇచ్చేసినా ఒక్కొక్కరికి వచ్చేది ఒక నిమిషం. ఏడాదికి 180 పీరియడ్లకు 180 నిమిషాలు, అంటే మూడు గంటలు. టీచర్ ఎలాగూ మౌనంగా ఉండరు కాబట్టి అసలు సంఖ్య అందులో పావు వంతు కూడా ఉండదు. మాట్లాడటం రావాలంటే బడి బయట ఏదో ఒక ఏర్పాటు ఉండి తీరాలి. వారానికి ఒక గంట నలుగురే ఉన్న బృందమైనా ఫర్వాలేదు, ఆన్‌లైన్‌లో ఒక టీచర్ అయినా ఫర్వాలేదు. నన్నడిగితే బడి ఫీజు తర్వాత విదేశీ భాషకు పెట్టే ప్రతి రూపాయీ ఈ మాట్లాడించే గంటకే పెట్టాలి. గ్రామర్ పుస్తకాలకూ యాప్‌లకూ కాదు.

ఇంటర్ అనే గండి

అసలు సమస్య ఇక్కడుంది. పదో తరగతి పరీక్షలు మార్చి, ఏప్రిల్‌లలో అయిపోతాయి. కొన్ని కార్పొరేట్ కాలేజీల్లో అప్పుడే బ్రిడ్జి కోర్సు మొదలు. ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్. హాస్టల్లో ఫోన్ ఉండదు. అందులో మూడేళ్లు నేర్చుకున్న జర్మన్‌కు చోటెక్కడ? కాలేజీలో సంస్కృతం ఇచ్చేస్తారు, ప్రశ్నే లేదు. రెండేళ్ల తర్వాత జేఈఈ, నీట్, ఎప్‌సెట్ అన్నీ ముగిసి ఊపిరి పీల్చుకునేసరికి ఆ ఏ2 అడుగంటి ఉంటుంది. ఆ కుర్రాడే బీటెక్ మూడో ఏడాదిలో ‘మాస్టర్స్‌కి జర్మనీ వెళ్తాను’ అంటూ మళ్లీ ఏ1 క్లాసులో కూర్చుంటాడు. అదే పుస్తకం, అదే మొదటి పాఠం, ఈసారి రెట్టింపు ఫీజు.

దీన్ని తప్పించడానికి మార్గం ఉంది. క్యాలెండర్‌ను వెనక నుంచి వేసుకోవాలి.

పదో తరగతి పరీక్షలకూ ఇంటర్ క్లాసులకూ మధ్య దొరికే వారాలు చాలా విలువైనవి. తొమ్మిదో తరగతి నుంచే ఆ వారాలను గురిపెట్టుకుని, అప్పుడు ఏ2 సర్టిఫికెట్ పరీక్ష రాసేయాలి. ఫ్రెంచ్‌లో డెల్ఫ్ జూనియర్, జర్మన్‌లో గోథే సంస్థ ‘ఫిట్ ఇన్ డాయిచ్’ ఈ వయసు పిల్లల కోసమే పెట్టినవి. ప్రశ్నలు ఆఫీసు ఉద్యోగుల గురించి కాక బడి, స్నేహితులు, సెలవుల గురించి ఉంటాయి. ఇక ఇంటర్ రెండేళ్లూ కొత్తగా ఏమీ నేర్పించొద్దు. ఇది చాలామందికి మింగుడుపడదు, కానీ ఆ రెండేళ్ల లక్ష్యం ముందుకెళ్లడం కాదు, జారిపోకుండా చూసుకోవడం. ఇంట్లో ఉండి చదివే పిల్లలైతే రోజుకు పావుగంట వినడం. హాస్టలైతే ఆదివారం పూట ఒక పేజీ చదవడం, ఇంటికొచ్చినప్పుడు పాత టీచర్‌తో అరగంట మాట. చిన్న కథల పుస్తకాలు ఏ2 స్థాయికి తగ్గట్టు కుదించినవి దొరుకుతాయి. రికార్డు పుస్తకాల మధ్య ఒకటి పెట్టుకోవడానికి వార్డెన్ కూడా అడ్డు చెప్పరు. ప్రవేశ పరీక్షలన్నీ అయ్యాక, బీటెక్ క్లాసులు మొదలయ్యే లోపు మళ్లీ రెండు నెలలు చేతికొస్తాయి. బీ1కు అదే అదను.

ఇదంతా పాటించేవారు తక్కువని తెలుసు. పాటించినవారు మాత్రం పద్దెనిమిదేళ్లకే బీ1 గుమ్మంలో ఉంటారు.

ఎక్కడికి, ఎప్పటికి?

ఏ భాష అన్న ప్రశ్నకు ఇప్పుడు రావచ్చు. ఒక్కో కాలంలో ఒక్కో భాషకు గాలి వీస్తుంది. ఒకప్పుడు అది రష్యన్. మాస్కోలో కూర్చుని ఉప్పల లక్ష్మణరావు లాంటివారు తెలుగులోకి అనువదించిన పుస్తకాలు చవగ్గా మన ఊళ్లకు వచ్చేవి. ఆ తర్వాత ఫ్రెంచ్, గత పదిహేనేళ్లలో జర్మన్, ఇప్పుడు జపనీస్, కొరియన్. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఉద్యోగంలో చేరేది కనీసం ఎనిమిదేళ్ల తర్వాత. ఇవాళ్టి గాలిని నమ్ముకుని గడిలో టిక్కు పెడితే అప్పటికి అది దిశ మార్చుకోవచ్చు. అందుకని కొన్ని గట్టి సంగతులు తెలిసి ఉండటం మేలు.

జర్మనీలో మెజారిటీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదన్నది నిజమే. అయితే డిగ్రీ స్థాయి కోర్సులు ఎక్కువగా జర్మన్‌లోనే. మన ఇంటర్‌తో నేరుగా చేరాలంటే జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత, లేదా ఇక్కడ ఒక ఏడాది డిగ్రీ చదువు, అదీ కాకపోతే అక్కడ స్టూడియెన్‌కొల్లెగ్ అనే ఏడాది సన్నాహక కోర్సు. అన్నిటికీ పైన భాష ఉండాలి, సాధారణంగా సీ1 దాకా. మాస్టర్స్ కోసమైతే ఇంగ్లిష్‌లో బోధించే కోర్సులు బోలెడు. కాబట్టి ‘జర్మనీ పంపిస్తాం’ అన్న ఒక్క మాట చాలదు. ఇంటర్ తర్వాతా, బీటెక్ తర్వాతా అన్నదాన్ని బట్టి మొత్తం ప్రణాళిక మారిపోతుంది. నర్సింగ్ వైపు వెళ్లే అమ్మాయిలకు లెక్క వేరు. జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందడానికి బీ2 కావాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు భాష నేర్పించి మరీ జర్మనీకి పంపుతోంది. భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని జర్మనీ 2024లో ప్రకటించింది.

ఫ్రెంచ్‌కు ఫ్రాన్స్ ఒక్కటే గమ్యం కాదు. కెనడా 2023 నుంచి ఫ్రెంచ్ వచ్చినవారికి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ప్రత్యేకంగా డ్రాలు తీస్తోంది. మన కుటుంబాల్లో ఇది తెలిసి ఉత్సాహపడేవారు పెరిగారు. ఒక మెలిక మాత్రం చెప్పాలి. కెనడా వలస అధికారులు డెల్ఫ్‌ను లెక్కలోకి తీసుకోరు. టెఫ్ కెనడా, టీసీఎఫ్ కెనడా పరీక్షలే కావాలి, వాటి ఫలితాలు రెండేళ్లే చెల్లుతాయి. పదో తరగతిలో ఆ పరీక్ష రాయించడం డబ్బు దండగ.

జపనీస్ విషయంలో తెలుగు పిల్లలకు ఎవరూ పెద్దగా చెప్పని సౌలభ్యం ఒకటుంది. ‘వతాషి వ గోహన్ ఓ తబెమాసు’ అంటే నేను అన్నం తింటాను. కర్త, కర్మ, చివర క్రియ. మన వాక్యం లాగే నడుస్తుంది, విభక్తి మన లాగే మాట వెనక చేరుతుంది. ఎదుటివారి పెద్దరికాన్ని బట్టి క్రియ మార్చడం ఇంగ్లిష్ పిల్లలకు వింత, మనకు పుట్టుకతో వచ్చినదే. కొరియన్ కూడా ఇంతే. పైగా దాని హంగుల్ లిపిలో మౌలిక అక్షరాలు 24, వారం రోజుల పని. జపనీస్‌లో అసలు కొండ లిపి. నిత్య వాడుకకు అక్కడి ప్రభుత్వం ఖరారు చేసిన జాబితాలోనే 2,136 కంజీ అక్షరాలున్నాయి. అందుకే దాన్ని పదహారో ఏట కంటే పన్నెండో ఏట మొదలుపెట్టడమే నయం. రోజుకు రెండు అక్షరాలు రాసుకుంటూ పోయే ఓపిక ఆ వయసులోనే ఉంటుంది.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కొరియా కంపెనీ కియా కార్లు తయారవుతున్నాయి. శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ లాంటి జపాన్ కంపెనీలున్నాయి. ఆ చుట్టుపక్కల దుబాసీలకు గిరాకీ ఉన్న మాట వాస్తవం. అయితే జపనీస్ ప్రావీణ్య పరీక్షలో మొదటి మెట్టు ఎన్5 సర్టిఫికెట్ చూపిస్తే ఆ కొలువు రాదు. ఫ్యాక్టరీలో ఇంజినీరు మాట్లాడేది అర్థమై తిరిగి చెప్పగలగాలంటే ఎన్2 దాకా వెళ్లాల్సిందే.

జర్మన్‌లో తలనొప్పి వేరే. చెంచా పుంలింగం, ఫోర్క్ స్త్రీలింగం, కత్తి నపుంసకలింగం: డెర్ ల్యోఫెల్, డీ గాబెల్, డాస్ మెసర్. ఎందుకని అడిగితే జవాబు లేదు. భోజనాల బల్ల మీది మూడు వస్తువులకు మూడు లింగాలేమిటని పిల్లలు నవ్వుతారు. సంస్కృతాన్ని మార్కులకు కాక నిజంగా చదివిన పిల్లలు అంతగా తికమకపడరు. వస్తువులకు లింగభేదం, విభక్తితో పదరూపం మారడం వాళ్లకు అలవాటే. ‘సంస్కృతమా, జర్మనా’ అని కొట్టుకునే మనకు ఈ సంగతి తోచదు.

రష్యా, కిర్గిజిస్థాన్‌లకు ఎంబీబీఎస్‌కు వెళ్లే పిల్లల ఇళ్లలో అయితే భాష ఊసే రాదు. పాఠం ఇంగ్లిష్‌లోనే చెబుతారు కదా అనుకుంటారు. వార్డులో మంచం మీది రోగికి ఇంగ్లిష్ రాదు. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి అని రష్యన్‌లోనే అడగాలి. రష్యన్ రాసే సిరిలిక్ అక్షరాలు 33. ఇంటర్ రెండో ఏడాది వేసవిలో అవి నేర్చుకుని వెళ్లినా ఎంతో కొంత నయం.

బడిని నమ్ముకుంటే..

కేంద్రీయ విద్యాలయాల కథ గుర్తుందా? 2011లో గోథే సంస్థతో ఒప్పందం చేసుకుని ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా జర్మన్‌ను మూడో భాషగా పెట్టారు. 2014 నవంబరులో, విద్యా సంవత్సరం నడిమధ్యలో, అది కుదరదని సంస్కృతానికి మారమన్నారు. దేశవ్యాప్తంగా 70 వేల మందికి పైగా పిల్లల మీద ప్రభావం పడింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బ్రిస్బేన్‌లో జి20 సదస్సుకు వెళ్లిన ప్రధాని దగ్గర నాటి జర్మనీ ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్ ఈ ప్రస్తావన తెచ్చారు. ఆ తర్వాత జర్మన్‌ను అదనపు భాషగా ఉంచారు. ఏ విధానం సరైనదన్న వాదన పక్కన పెడదాం. ఏడో తరగతి పిల్లవాడికి మాత్రం ఒక సోమవారం జర్మన్ పుస్తకం పోయి సంస్కృతం పుస్తకం వచ్చింది.

ముందు ముందు బడి టైమ్‌టేబుల్‌లో విదేశీ భాషకు చోటు ఇంకా ఇరుకవుతుందనే నా అంచనా. మూడు భాషల్లో కనీసం రెండు భారతీయ భాషలుండాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం సీబీఎస్‌ఈ బడుల్లో కూడా పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి. ఇంగ్లిష్‌ను ఎవరూ వదలరు. లెక్క వేస్తే ఫ్రెంచ్, జర్మన్‌లకు మిగిలేది నాలుగో కుర్చీ. నాకైతే ఇందులో బాధపడాల్సింది కనిపించదు. తెలుగు వదిలేసి ఫ్రెంచ్ తీసుకోవడం అనే బేరం ఎప్పుడూ నష్టపు బేరమే. ఆ ఫ్రెంచ్ రాకపోగా ఈ తెలుగూ చదవడం రాని పిల్లలు నగరాల్లో ఇప్పటికే ఉన్నారు. కాకపోతే విదేశీ భాష బాధ్యత ఇకపై ఎక్కువగా ఇంటిదే అవుతుంది.

హైదరాబాద్‌లో ఆ ఏర్పాట్లకు కొరత లేదు. ఫ్రెంచ్‌కు అలియాన్స్ ఫ్రాన్సేజ్, జర్మన్‌కు గోథే జెంత్రం ఉన్నాయి. దోమలగూడ రామకృష్ణ మఠం భాషా సంస్థలో తక్కువ ఫీజుకే క్లాసులు దొరుకుతాయి. తీసుకున్న భాష నిజంగా పట్టుకుని, అదే చదువుగా చేసుకోవాలనిపిస్తే తార్నాకలో ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) ఉంది. ఇంటర్ తర్వాత నేరుగా ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, జపనీస్, రష్యన్, అరబిక్‌లలో బీఏ ఆనర్స్ చేయొచ్చు. ఎప్‌సెట్ మాటల మధ్య ఈ దారిని ఎవరూ గుర్తు చేయరు.

డాలస్‌లోనూ అదే కథ

అమెరికాలోని తెలుగు ఇళ్లలో ప్రశ్న కాస్త మారుతుంది. హైస్కూల్ నాలుగేళ్లు, తొమ్మిది నుంచి పన్నెండు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల్లో చేరాలంటే ఇంగ్లిష్ కాక మరో భాష రెండేళ్లు చదివి ఉండాలి, మూడేళ్లయితే మంచిదంటారు. మనవాళ్లు ఆ ‘రెండు’ దగ్గర ఆగిపోతారు. మిడిల్ స్కూల్లోనే స్పానిష్ మొదలుపెట్టిన పిల్ల పదో తరగతికి మూడో స్థాయి ముగించి, ఆ గంటను ఇంకో సైన్స్ సబ్జెక్టుకు ఇచ్చేస్తుంది. పదకొండులో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) స్పానిష్ పరీక్ష దాకా లాగితే చదువూ నిలుస్తుంది, చాలాచోట్ల కాలేజీ క్రెడిట్లూ వస్తాయి. ఇక్కడ ఇంటర్ చేసే పనిని అక్కడ ఏపీ కాలిక్యులస్, ఏపీ ఫిజిక్స్ చేస్తున్నాయి.

అక్కడి పిల్లలకు ఇంట్లోనే ఒక అవకాశముంది. ఇంగ్లిష్‌తో పాటు మరో భాషలో ప్రావీణ్యం చూపితే హైస్కూల్ డిప్లొమా మీద ద్విభాషా ముద్ర వేసే పద్ధతికి కాలిఫోర్నియా 2011లో చట్టం చేసింది. తర్వాత మిగతా రాష్ట్రాలు వరుసగా అందుకున్నాయి. ఆ రెండో భాష తెలుగు కూడా కావచ్చు. అమ్మమ్మతో ఫోన్‌లో మాట్లాడే తెలుగు చాలదు, చదవడం, రాయడం చూపించాలి. ఎనిమిదో తరగతిలో శనివారం తెలుగు క్లాసు మాన్పించి టెన్నిస్‌కు పంపినప్పుడు ఆ రెండే ముందు పోతాయి.

ఇక్కడైనా అక్కడైనా, గడిలో టిక్కు పెట్టేముందు బడిని నాలుగు మాటలు అడగడం మంచిది. ఈ భాష చెప్పే టీచర్ ఎన్నేళ్లుగా ఇక్కడ ఉన్నారు? ఆమె మానేస్తే పీరియడ్ ఎవరు తీసుకుంటారు? పోయిన ఏడాది పది పూర్తి చేసినవారిలో ఎందరు బయటి సర్టిఫికెట్ పరీక్ష రాశారు? ఏడాదిలో ఒక్కసారైనా పిల్లలకు మౌఖిక పరీక్ష పెడతారా? ప్రిన్సిపాల్ నవ్వి ఊరుకుంటే, ఆ సాయంత్రమే దగ్గరలో ఆదివారం బ్యాచ్ ఎక్కడ నడుస్తోందో వెతుక్కోవడం మొదలుపెట్టొచ్చు.